ఒక్కసారే చెప్పే కథ

మా కాలేజీకి ప్రతి ఏడూ ఒక సర్క్యులర్ వస్తుంది. విద్యార్థులలో నైతిక విలువలు, అహింసా భావన పెంపొందించాలట. ఫోటోలు పంపాలట. ఫోటోలో బ్యానర్ కనపడాలట. ఆ రోజు పిల్లలు వరసగా వేదికెక్కి హింస చెడ్డదని చదివి, సర్టిఫికెట్టు తీసుకుని, కిందికి దిగి సమోసాల దగ్గర ఒకర్నొకరు చొక్కా పట్టుకుని లాక్కుంటారు. ఈ తంతు మీద నాకు గౌరవం లేదని స్టాఫ్ మీటింగులో చాలాసార్లు చెప్పాను. నా నోరు మంచిది కాదన్న పేరులో సగం ఆ మీటింగుల్లో వచ్చిందే. మిగతా సగం ఇంట్లో సంపాదించుకున్నాను.

నేను తెలుగు చెప్తాను. నల్లమల కింద, అహోబిలం పోయే దారిలో ఉన్న చిన్న ఊర్లో డిగ్రీ కాలేజీ. విలువలను నీతివాక్యాలుగా నూరిపోస్తే ఎక్కవని, కథ అయితే ఎక్కుతుందని నా వాదన. అందుకని నాదొక పద్ధతి. ఒక తగాదా కథ కల్పించి చెప్తాను. ఎవరి మేకో ఎవరి చేన్లోనో పడుతుంది, మాటా మాటా పెరుగుతుంది, చివర ఒకడు చస్తాడు. రెండోసారి అదే కథ మొదలుపెడతాను. ఇక్కడ ఆగి ఉంటే ఆ మనిషి బతికేవాడు అని ఎవరికి అనిపిస్తే వాళ్ళు లేచి 'ఆపు' అనాలి. ఎందుకు ఆపారో చెప్పాలి.

"మేకను ముందే బక్రీదుకు అమ్మేసింటే సరిపోయె కదా మేడమ్" అని వెనక బెంచీ వాడు అంటాడు. అందరూ నవ్వుతారు. నవ్వుతూనే మెల్లగా లోపలికి వస్తారు. మొదట్లో కత్తి ఎత్తిన చోట 'ఆపు' అనేవాళ్ళు, కొన్ని వారాలయ్యేసరికి చాలా వెనక్కి, ఎవడో ఎవడికో దండం పెట్టకుండా పోయిన చోట ఆపడం నేర్చుకుంటారు. ఆ రోజు నాకు అన్నం సయిస్తుంది.

ఆ ఉత్సాహంలోనే పోయిన చలికాలం పిల్లలకు ఒక పని చెప్పాను. కల్పించిన కథలు చాలు, మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి మీ ఊరి తగాదా ఒకటి తెలుసుకుని రండి, క్లాసులో చెప్పుకుందాం, ఎక్కడ ఆగి ఉండవచ్చో చూద్దాం అన్నాను. చాలామంది బోరునీళ్ళ కథలు తెచ్చారు. ఒకడు వాళ్ళ మేనత్తకూ వాళ్ళమ్మకూ రోలు గురించి జరిగిన యుద్ధం తెచ్చి, ఇద్దరి గొంతులతోనూ చెప్పి, మమ్మల్ని పొట్ట పట్టుకుని నవ్వేలా చేశాడు.

ఆఖరు సంవత్సరం చదివే ఒకమ్మాయి మాత్రం లేవలేదు. చదువులో చురుకు, వాదించడంలో నాకే ఎదురు నిలబడే పిల్ల. బెల్లు కొట్టాక అందరూ పోయేదాకా ఆగి నా బల్ల దగ్గరకు వచ్చింది.

"మా అవ్వను అడిగినా మేడమ్. చెప్పేసింది."

"మంచిదే కదమ్మా. రేపు క్లాసులో చెప్పు."

"మా అన్న ఆడనే ఉన్న్యాడు, చెప్పేటప్పుడు. బేతంచెర్ల నుంచి వచ్చింటే."

"ఉంటే?"

ఆ పిల్ల నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ నచ్చదు. ఏమీ తెలియని పసిదాన్ని చూసినట్టు చూసింది. "ఏం లేదులే మేడమ్" అని సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

స్టాఫ్ రూములో మా హిస్టరీ సారుకు ఈ మాట చెప్పాను. ఆయన ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ నాయన దూదేకి పరుపులు కుడుతూ ఊరూరూ తిరిగినవాడు. ఏ ఇంటి గడప లోపల ఏముందో ఆయనకు వారసత్వంగా వచ్చింది. తింటున్న చపాతీ డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"ఎంత పని చేసినారు మేడమ్!"

"నేనేం చేశాను సార్? తగాదా కథ అడగమన్నాను."

"పగ ఉన్న ఆ ఇండ్లల్లో సచ్చినోని కత చెప్పరు. ఫోటోకు దండేస్తారు, తద్దినం పెడ్తారు, కత మాత్రం చెప్పరు. చెప్పేది ఒక్క తూరే. కొడుకు చేతికందినాక, ఇంట్లో బిడ్డలు నోరు తెరిసి అడిగితే, పెద్ద ఆడామె కూచోబెట్టి మొత్తం చెప్తాది. ఎవురు ముందర నిలబడినారు, ఎవురు ఎనక నుంచి పట్టుకున్నారు, అంతా. చెప్పిందంటే ఇంగ పని అప్పగించినట్టే. అందుకే బిడ్డలు కూడా అడగరు. ఆ ముసలామె చెప్పకుండా సచ్చిపోతే పగ కూడా ఆమెతోనే పోతాదని ఊరంతా కాసుకోనుండారు. మీరు పోయి అడిగించినారు."

అసలు కథ ఆయనే రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ పిల్ల చిన్నగా ఉన్నప్పుడు వాళ్ళ నాయనను చేని దారి దగ్గర నరికారు. బండ్ల బాట గురించి తగాదా. శిక్షపడినవాళ్ళలో ఒకడే మిగిలాడు, మిగతావాళ్ళు ఏవేవో జబ్బులతో పోయారు. ఆ మిగిలినవాడు వచ్చే నెల జైలు నుంచి ఇంటికి వస్తున్నాడు.

నేను ప్రొద్దుటూరు కోమట్ల ఇంటి ఆడపిల్లను. మాకు హత్యల గురించి తెలిసిందల్లా షట్టర్. వీధిలో జనం నడక మారినట్టు అనిపిస్తే మా నాయన మాట్లాడకుండా షట్టర్ దించేవాడు. బయట అరుపులు వినపడేవి, ఎవరో పరిగెత్తేవాళ్ళు, మేము లోపల చీకట్లో చింతపండు బస్తాల మధ్య కూర్చునేవాళ్ళం. "గమ్మునుండు. మనం ఏం చూడలే" అనేది అమ్మ. నిజంగానే ఏమీ చూడలేదు. అందుకే ఆ కథలు ఎలా పుడతాయో, ఎవరి నోట్లో పెరుగుతాయో నాకు తెలియలేదు. కథ వింటే మనసు మెత్తబడుతుందని పుస్తకాలు చదివి నమ్మినదాన్ని. కథ చెప్పి కత్తి చేతికిచ్చే ఇళ్ళు నాకు అన్నం పెట్టే కాలేజీకి కూతవేటు దూరంలో ఉన్నాయని నమ్మడానికి రెండు రోజులు పట్టింది.

ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్ళాను. "మీరు సిలబస్ చెప్పండి మేడమ్" అన్నారు. సర్క్యులర్ మీరే ఇచ్చారు కదా అన్నాను. "సర్క్యులర్ ప్రకారం బ్యానర్ కట్టాం కదా" అన్నారు. ఆ పిల్లను స్టాఫ్ రూముకు పిలిపించి పోలీసుల మాట ఎత్తితే నా చెయ్యి పట్టుకుంది. స్టేషన్లో చెప్పిన మాట మనం గేటు దాటే లోపల రెండు పక్కలకూ చేరుతుంది, ఆ తరువాత మా అన్న వెనక్కి పోవాలనుకున్నా పోలేడు అంది. హిస్టరీ సారు తల ఊపాడు.

"అయితే నాకు చెప్పు" అన్నాను. "మీ అవ్వ ఏం చెప్పిందో పొల్లు పోకుండా చెప్పు."

ఖాళీ క్లాసులో కిటికీ పక్కన కూర్చుని చెప్పింది. మధ్యలో ఆపలేదు. ఆ ముసలామె మంచి కథకురాలు, ఒప్పుకోవాలి. పొద్దున కొడుకు సంగటి తిని లేవడం, చెనక్కాయ పీకే కాలం, కూలీలు రాకముందే చేనికి పోవడం, ఈమె కళ్ళం ఊడుస్తూ ఉండడం. ఉన్నట్టుండి ఈమె చీపురు పారేసి, చెప్పుల్లేకుండా చేని వైపు పరిగెత్తడం. దారి మధ్యలో కబురు తెస్తున్న మనిషి ఎదురు కావడం. తరువాత దారిలో చూసిందంతా. ఆ భాగం ఇక్కడ రాయను. ఆ పిల్ల ఆ భాగం చెప్పేటప్పుడు గొంతు మారలేదు. అందుకు మరీ భయం వేసింది.

ఇంటికి వచ్చాక కూడా ఆ కథ వదల్లేదు. చదివే అలవాటు ఒక రోగం లాంటిది. ఎవరి దుఃఖమైనా సరే, ఎక్కడ అతుకు సరిగా పడలేదో కన్ను అక్కడికే పోతుంది. కూర తాలింపు వేస్తుంటే తట్టింది. కబురు దారి మధ్యలో ఎదురైంది. మరి కబురు రాకముందే ఆమె ఎందుకు పరిగెత్తింది?

ఆదివారం ఆ పిల్లను వెంటపెట్టుకుని వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇల్లు రాతి కట్టడం, గుమ్మం ముందు బండలు పరిచిన అరుగు. అరుగు మీద ఆ పిల్ల చిన్నాయన కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, మర్యాదగా లేచి కుర్చీ వేశాడు. "కాలేజీ మేడమా? కూచోండి. మా అన్న కూతుర్ని బాగా చదివిస్తాండారంట" అని మళ్ళీ కూర్చున్నాడు. మేమున్నంతసేపూ అక్కడి నుంచి కదల్లేదు.

అవ్వ లోపల చెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"కతలు సెప్పే మేడమ్ నువ్వేనా? మా కత మీ క్లాసులో సెప్పుకోని నవ్వుకుంటారంటనే."

"నవ్వుకోము అవ్వా. ఎక్కడ ఆపి ఉండవచ్చో చూసుకుంటాం."

"ఆపేదా! నీ మొగుణ్ణి నరికింటే తెలుస్తాండె, ఆపేది యాడనో."

"నా మొగుణ్ణి నరికితే నేనూ ఏడుస్తాను. మనవణ్ణి పంపను."

"మాటలు శానా ఉండాయే నీ తావ" అని మొదటిసారి నన్ను చూసింది. కళ్ళు చిన్నవి, తడి లేవు. "పంపేదానికి నేనెవురు? అడిగినారు, సెప్పితి. వానికి కాళ్ళుండాయి."

అరుగు మీద చిన్నాయన దగ్గాడు. నేను గొంతు తగ్గించాను.

"కథ బాగా చెప్పినావు అవ్వా. కానీ ఒక పూట తీసేసి చెప్పినావు."

ఒలుస్తున్న చెయ్యి ఆగింది.

"కబురు నీకు దారిలో తగిలింది. కళ్ళంలో ఉన్నప్పుడు నీకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మరి చీపురు పారేసి ఎందుకు పరిగెత్తినావు?"

"కన్నపేగు. తెలుస్తాది."

"నేనూ ఇద్దర్ని కన్నాను అవ్వా. అట్లా తెలీదు. ముందే ఎవరైనా చెప్తే తెలుస్తుంది."

ఆమె చేటలోని పొట్టంతా ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు చేత్తో జరిపింది. మనవరాలు గోడకు ఆనుకుని నిలబడింది. తరువాత ముసలామె మనవరాలితో కాదు, నాతో కాదు, చేటతో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ముందరి దినం మాపున వాడే వచ్చినాడు. ఇప్పుడు జైల్లో ఉండాడే, వాడే. పెరటి దావన వచ్చి ఆడ నిలబడినాడు. 'పెద్దమ్మా, బాట ఇడ్సిపెడ్తాం, నేను మావోళ్ళకు నచ్చజెప్తా. రేపొక్క దినం వాన్ని సేనికి పంపొద్దు, తాగి ఉండారు' అన్యాడు. నేను కుడితి నీళ్ళు వాని కాళ్ళ మీద పోస్తి. బెదిరిస్తాండావేమిరా అంటి."

"నీ కొడుక్కి?"

"సెప్పలే." చేట పక్కన పెట్టింది. "సెప్పింటే పిరికోని మాదిరి ఇంట్లో కూచుంటాడని సెప్పలే. తెల్లారి వాళ్ళతో పాటి వాడూ వచ్చినాడు కదా, కత్తి పట్టుకోని. ఇంగ ఆ మాట ఎవురికి సెప్పేది?"

ఆ పిల్ల గోడ దగ్గరి నుంచి చిన్నగా, క్లాసులో అన్నట్టే, "ఆపు" అంది. ముసలామె ఆ మాట అర్థం కానట్టు దాన్ని చూసింది.

"ఇది కూడా మీ అన్నకు చెప్పాలి అవ్వా" అన్నాను. మనవడు అనడానికి బదులు నోరు తడబడింది. ఆమె పట్టించుకోలేదు. బయటికి వస్తుంటే చిన్నాయన చెప్పులు దగ్గరికి జరిపాడు, నాకోసం.

అవ్వ చెప్పింది. ఎప్పుడు, ఎలా చెప్పిందో నాకు తెలియదు. తెలిసింది ఏమిటంటే ఒక మధ్యాహ్నం ఆ పిల్ల అన్న మా డిపార్టుమెంటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని, కనుబొమ్మల మీద ఇంకా తెల్లటి దుమ్ము. చెల్లెలు వెనక నిలబడింది.

"మా అవ్వను మీరు సెడగొట్టినారు మేడమ్."

"కూర్చో నాయనా."

"కూచునేదానికి రాలే. ఏ ఇంట్లోనూ రెండో తూరి సెప్పరు. మా అవ్వ సెప్పింది. సెప్పి ఏడ్సింది. ఇప్పుడు నేనేం చేయాల? వానిది సగం తప్పు, మా అవ్వది సగం తప్పు అని లెక్క కట్టుకోని గమ్మున పడుకోవాల్నా?"

"పడుకో. చచ్చినవాడు తిరిగి రాడు. నువ్వు జైలుకు పోతే మీ చెల్లెలి చదువు ఆగుతుంది. వాడి కొడుకో మనవడో నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. నీ కొడుక్కి ఇంకో అవ్వ ఇంకో కథ చెప్తుంది. మొత్తం తెలిసే అడుగుతున్నావు కదా, నాతో ఎందుకు చెప్పిస్తావు?"

వాడు నవ్వాడు. నవ్వితే చెల్లెలి పోలికే. "మాటలు బాగనే ఉండాయి. మా ఊర్లో పనికి రావు. అవ్వ మొదటి తూరి సెప్పింది ఊరికంతా తెలుసు. రెండో తూరి సెప్పింది ఎవురికీ తెలీదు, తెలిస్తే మా అవ్వ మొగాన ఉమ్ముతారు. వాడు వచ్చిన పొద్దు నేను ఇంట్లో ఉంటే మా చిన్నాయనే నన్ను మనిషి కింద లెక్కెయ్యడు. ఆయన అన్నీ సిద్ధం చేసిపెట్టినాడు."

"బెంగుళూరుకు పో."

"పారిపోయినాడంటారు." కాసేపు గుమ్మం చెక్కను గోటితో గీకాడు. "మీ క్లాసులో ఎవురో ఒకరు లేసి ఆపు అంటారంట కదా. మా సెల్లెలు సెప్పింది. నా అంతట నేను ఆగితే పిరికోణ్ణి. ఎవురన్నా అడ్డం పడి పట్టుకుంటే ఆగినా తప్పు లేదు. మా ఊర్లోవాళ్ళు ఎవురూ పడరు, చిన్నాయనంటే భయం. మీరు వచ్చి అనండి. అందరి ముందర."

నేను వాడి మొహం చూశాను. ఎగతాళి లేదు.

"గట్టిగా అనాల మేడమ్. మెల్లగా అంటే వినపల్లేదంటారు."

"ఉత్త చేతులతో వస్తావా?"

"వస్తా" అన్నాడు.

హిస్టరీ సారు వద్దన్నాడు. "పాఠం వేరు, ఇది వేరు మేడమ్. ఆపినామెను కూడా లెక్కలో ఏసుకుంటారు." ఇంట్లో మా ఆయన ఇంకా ఎక్కువ అన్నాడు. ఇద్దరితోనూ వాదించాను. నిజం చెప్పాలంటే వాదన కోసం వాదించాను.

జైలు నుంచి ఆ మనిషి వచ్చే రోజు నేనూ వాళ్ళ ఊరికి వెళ్ళాను. పొద్దున పదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. ఆంజనేయస్వామి గుడి దగ్గర జీపు ఆగింది. నేను ఆ మనిషిని పులిలా ఊహించుకున్నాను. దిగింది జైల్లో వయసుకు ముందే ముసలివాడైన మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచి, వదులైన చొక్కా. ఆయనవాళ్ళు చుట్టూ నిలబడి టెంకాయ కొట్టించారు. వీధికి ఇటు పక్క అరుగుల మీద మగవాళ్ళు కూర్చున్నారు. పిల్లలు కనపడలేదు. ఎవరో వాళ్ళను ముందే లోపలికి పిలుచుకున్నారు.

ఆ పిల్ల అన్న చిన్నాయన పక్క నుంచి లేచి వీధి మధ్యకు వచ్చాడు. కుడిచేతి మీద తుండుగుడ్డ కప్పుకుని ఉన్నాడు.

నా కాళ్ళు కదిలాయి. వాడు ఇంకో నాలుగడుగులు వేసేలోపల ఎదురుగా నిలబడ్డాను.

"ఏయ్! ఆపు! ఎవరనుకున్నావురా నువ్వు? ఆ ముసలోణ్ణి చూడు, నడవలేక నడుస్తాన్నాడు, వాన్ని నరికి మగోణ్ణని చెప్పుకుంటావా? నీ చెల్లెలు పరీక్షలు రాయాల్నా, నీకు జైలుకు క్యారియర్ మొయ్యాల్నా? నన్ను దాటి పో చూద్దాం! దాటు!"

తుండుగుడ్డ మీదుగానే వాడి మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాను. ఉత్త చేతులతో వస్తానన్నాడు. గుడ్డ కింద గట్టిగా, చల్లగా తగిలింది.

వాడి కళ్ళలోకి చూశాను. అందులో నాతో కుదుర్చుకున్న మాట ఏదీ లేదు. ఒక్క క్షణం నన్ను గుర్తుపట్టలేదు కూడా. నేను తిడుతూనే ఉన్నాను. ఏం తిట్టానో గుర్తులేదు, మా ఇంట్లో ఎప్పుడూ పలకని మాటలు కూడా వచ్చాయట, తరువాత ఆ పిల్ల చెప్పింది. జీపు పక్కన ముసలివాడు సంచి పట్టుకుని అలాగే నిలబడి, తల వంచి, ఎప్పుడు పడుతుందా అన్నట్టు మెడ చూపిస్తూ ఎదురుచూశాడు.

మెల్లగా నా పట్టులో వాడి చెయ్యి బరువు తగ్గింది. వాడు వెనక్కి ఒక అడుగు వేశాడు. "ఇడ్సండి మేడమ్. ఇడ్సండి" అని అందరికీ వినపడేలా అరిచాడు, నేను వదలకూడదన్నట్టు. నేను వదల్లేదు. అలాగే ఇంటి గుమ్మం దాకా లాక్కుపోయి లోపలికి తోశాను. లోపల చెల్లెలు తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. వీధిలో ముసలివాడి మనుషులు ఆయనను చుట్టుముట్టి తీసుకుపోయారు. అరుగుల మీద నుంచి ఒకరొకరుగా లేచి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఎవడో సెల్ ఫోను జేబులో పెట్టుకోవడం చూశాను.

చిన్నాయన నాకు కుర్చీ వేశాడు. గ్లాసులో టీ తెప్పించాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.

"మంచి పని చేసినారు మేడమ్. చదువుకున్నోళ్ళు చెయ్యాల్సిన పనే" అన్నాడు. "ఈ పొద్దుకు ఆగిపాయె."

"ఈ పొద్దుకే కాదు."

"అట్లనే అనుకుందాం." తెల్లచొక్కా చేతులు మడుచుకున్నాడు. "కాలేజీకి మీరు రోజూ ఏ బస్సుకు వస్తారు మేడమ్? ఊరికే అడిగినాలే."

నా నోరు మంచిది కాదు. భయపడితే ఇంకా చెడ్డది.

"ఎనిమిదిన్నర బస్సు. ఆడవాళ్ళ సీట్లలో కిటికీ పక్కన. సాయంత్రం నాలుగూ ముక్కాలుకు తిరుగుబస్సు. ఇంకేమైనా చెప్పమంటారా?"

"చాలు మేడమ్" అన్నాడు ఆయన, ఎంతో మర్యాదగా. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఆ అన్న ఇప్పుడు బేతంచెర్లలోనే పని చేస్తున్నాడు. ఆ ముసలివాడు పొద్దున పూట ఇంటి ముందు కూర్చుంటాడట. నేను ఎనిమిదిన్నర బస్సుకే పోతున్నాను.